చీలమండ దాకా నీళ్లు

అలలెక్కడానికి పొట్టి బోర్డు కావాలని మా ఆయన అడిగినప్పుడు నేను షెడ్డులో ఫోమ్ దిమ్మకు గరుకు కాగితం పడుతున్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఒళ్లంతా తెల్లటి పొడి కొట్టుకుని ఉన్నాను కాబట్టి నా మొహం ఎలా మారిందో ఆయన చూడలేదు.

"ఎంత పొట్టిది?" అన్నాను.

"ఎనిమిదడుగులు."

"పదకొండు నుంచి ఒకేసారి ఎనిమిదికా? మధ్యలో అంకెల్ని ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"మధ్యలో అంకెలన్నీ తొక్కుకుంటూ వచ్చేసరికి నాకు అరవై వస్తాయి. ఈ అలల కాలం అయిపోయేలోపు ఒక్క అలనైనా తిప్పి చూడాలే. నువ్వు ఊళ్లో వాళ్లందరికీ చేసిపెడతావు, మొగుడికి చెయ్యవా?"

మా సముద్రం మీద అలలెక్కేవాళ్లలో చాలామంది బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో ఈదుకుంటూ వెళతారు. మా ఆయనది వేరే పద్ధతి. బోర్డు మీద నిలబడే ఉంటారు. పొడుగాటి తెడ్డుతో నీళ్లు తోసుకుంటూ వెళ్లి, అదే తెడ్డు ఆసరాగా అల ఎక్కుతారు. ఇలా నిలబడేవాళ్లకు మొదట్లో పెద్ద బోర్డు ఇస్తాం. పదకొండడుగుల బోర్డంటే పట్టెమంచమే, దాని మీద నిలబడి టీ తాగినా తొణకదు. కాకపోతే అల మీద అది తిరగదు, మొండిగా తిన్నగా ఒడ్డుకు వచ్చేస్తుంది. పొట్టిది ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. దాంతో చిక్కేమిటంటే, కదలకుండా నిలబడితే మునుగుతుంది.

బోర్డుల్ని మేం పాలలాగా లీటర్లలో లెక్కేస్తాం. మనిషి ఎన్ని కిలోలున్నాడో చూసుకుని దానికి తగ్గట్టు దిమ్మను చెక్కుతాం. సరిగ్గా కుదిరిన పొట్టి బోర్డు మీద మనిషి ఊరికే నిలబడ్డప్పుడు నీళ్లు చీలమండ దాకా రావాలి. పైకి వచ్చాయంటే బోర్డు ఆ మనిషికి చిన్నది. పాదాలు పొడిగా ఉన్నాయంటే పెద్దది. ఈ పనిలో నాకు పొరపాటు రాదు. మిగతా అన్నింట్లోనూ వస్తుంది, ఇందులో రాదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి పరిగెత్తే రకాన్ని. ఆయన సముద్రంలో ఉన్నంతసేపూ ఒడ్డున నిలబడి తలలు లెక్కపెట్టుకుంటాను. మా అత్తయ్య నన్ను చూసి, "భయపడ్డానికి ఏమీ దొరక్కపోతే ఎందుకు దొరకలేదా అని భయపడతావు అమ్మాయ్" అనేవారు. అలా మా ఇంట్లో నా భయం ఒక వేళాకోళమైపోయింది. చివరికి నేనే దాన్ని నమ్మడం మానేశాను.

అత్తయ్య మాత్రం భయపడే మనిషి కాదు. భయపడాల్సిందంతా ఒకసారే అయిపోయినట్టు ఉండేవారు. ఆవిడ పెద్దకొడుకు, అంటే మా బావగారు, ఒక వానాకాలం మొదట్లో నిక్షేపంగా ఉన్న మనిషి. వానలు వెలిసేసరికి చిక్కి శల్యమై కన్నుమూశారు. ఆసుపత్రికి రానంటే రానన్నారు, రాలేదు. ఆయన ఫోటో హాల్లోనే ఉంటుంది కానీ ఆయన మాట ఎవరూ ఎత్తరు.

మా ఆయన పోరు పడలేక బోర్డుకి సరేనన్నాను. షెడ్డులో దిమ్మలు తూచే మిషన్ ఎక్కించి, జేబులో తాళాలు తీసి పక్కన పెట్టమన్నాను.

"బంగారం తూస్తున్నావా?" అన్నారు.

"బంగారమైతే ఇంత తూగదు" అన్నాను. ఆయన పొట్ట లోపలికి పీల్చుకున్నారు, అలా పీల్చుకుంటే బరువు తగ్గుతుందన్నట్టు. ఇద్దరం నవ్వుకున్నాం.

మొదటి రోజు ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగ దగ్గర, సముద్రం పొంగు తగలని నిలకడ నీళ్లలో నిలబెట్టి చూశాను. నీళ్లు సరిగ్గా చీలమండను కప్పాయి. నా చెక్కుడుకి నేనే మురిసిపోయాను. ఆయన మాత్రం గాల్లో తెడ్డు ఆడించి, ఒకటి రెండు తిట్లు తిట్టి, వెల్లకిలా నీళ్లలో పడ్డారు.

ఆ తర్వాత వరసగా పడటమే. అలల దాకా వెళ్లడానికే ఆయన చచ్చీ చెడీ ప్రాణం మీదకు తెచ్చుకునేవారు. బీచిలో కొత్తవాళ్లకు నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, తీరిక దొరికితే ఒంటికాలి మీద నిలబడి ఉంటాడు కాబట్టి అందరూ కొంగ అంటారు. ఆ కొంగ మాస్టారు నా పక్కకు వచ్చి, "మీవారు ఇవాళ సముద్రంలో సగం తాగేశారు, ఇంకో సగం రేపటికి ఉంచమనండి" అనేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు.

ఒకరోజు పెద్ద అల ఒకటి ఆయన్ని మెడ పట్టుకుని తోసినట్టు ముందుకు తోసింది. బోర్డు గాల్లోకి లేచింది. నురగంతా సర్దుకుంది, బోర్డు పైకి తేలింది, ఆయన తల తేలలేదు. కాలికి కట్టుకున్న తాడు బిగుసుకుని బోర్డు తోక నీళ్లలోకి లాక్కుపోతోంది. అంటే ఆయన కిందే ఉన్నారు. నేను చెప్పులతోనే మోకాళ్ల లోతుకు దిగిపోయాను. రెండో అల వచ్చి మీద పడింది. అది కూడా దాటాక, నేను చూస్తున్న చోటుకి బారెడు దూరంలో తల లేచింది. దగ్గుతున్నారు, ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వుతున్నారు.

"భలే ఉందే!" అని అరిచారు.

"ఏది భలే ఉంది?" అన్నాను.

పెద్ద బోర్డుకి వెళ్లిపొమ్మని ఆ రాత్రి భోజనాల దగ్గర బతిమాలాను. ఆయన వినలేదు. అత్తయ్య కంచం జరుపుకుంటూ, "వాడు పడటం నేర్చుకుంటున్నాడు, నువ్వు చూడటం నేర్చుకో" అన్నారు.

అలల కాలం సగానికి వచ్చేసరికి ఆయన పడటం తగ్గింది.

తగ్గడమంటే కొద్దికొద్దిగా కాదు. పొద్దున్నే వెళ్లి, అలల అవతల ఆ పొట్టి బోర్డు మీద హాయిగా నిలబడి, తనకు కావలసిన అల కోసం ఎదురుచూసేవారు. వచ్చిన అల మీద ఒకసారి కిందికి జారి, తెడ్డు గుచ్చి, పైకి తిరిగేవారు. మొదటిసారి అలా తిరిగినప్పుడు కొంగ మాస్టారు రెండు కాళ్ల మీదా నిలబడి చప్పట్లు కొట్టాడు. "ఈ వయసులో ఇంత తొందరగా పొట్టి బోర్డు పట్టినవాణ్ణి నేను చూడలేదమ్మా" అన్నాడు. కుర్రాళ్లు కూడా శెభాష్ అన్నారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఇక ఈయనకేం కాదులే అనుకున్నాను.

ఆ రోజుల్లో ఇంకొన్ని జరిగాయి. ఒక్కోదానికీ మా దగ్గర ఒక్కో సమాధానం ఉంది.

ఆయన వేసుకునే రబ్బరు సూటు వదులైంది. చంకల్లోంచి నీళ్లు దూరుతున్నాయని అన్నారు. "రబ్బరు సాగిపోయి ఉంటుంది, ఉప్పునీళ్లలో అన్నాళ్లు నానితే సాగదా?" అన్నాను. ఎంతమంది సూట్లు చూడలేదు నేను. సాగింది కాబట్టి భుజాల దగ్గర కుట్టి బిగించాను కూడా.

ఆయన కళ్లజోడు నంబరు మారింది. ఆయనకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. వచ్చినవాళ్ల కళ్లు పరీక్ష చేసి, అద్దాలు అరగదీసి బిగించి ఇస్తారు. తన కళ్లు తనే చూసుకుని, వయసు మీద పడుతోందని నవ్వి కొత్త అద్దాలు వేసుకున్నారు. కొన్నాళ్లకే అవీ మసకగా ఉన్నాయని మళ్లీ మార్చుకున్నారు. "ఎండ నీళ్ల మీద పడి కళ్లలో కొడుతుంది కదా, అందుకే" అన్నారు.

దాహం పట్టుకుంది. సీసాల కొద్దీ నీళ్లు తాగేవారు. అత్తయ్య పొద్దుటే ఆయన సీసాలన్నీ నింపి వరసగా పెట్టేవారు. "ఉప్పునీళ్లలో ఆడేవాడికి దాహం వెయ్యదా? తాగనీ" అనేవారు.

ఒకరోజు ఆయన అలల్లోంచి వచ్చి ఒడ్డు దగ్గర, పెద్దగా కదలిక లేని నీళ్లలో ఆగారు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన బోర్డు దిగకుండా, తెడ్డు మీద చెయ్యి ఆనించి, రోడ్డు పక్కన నిలబడి కబుర్లు చెప్పినట్టు చెబుతున్నారు.

"ఇంకా పొట్టిది చెయ్యవే. ఏడున్నర. ఇది నాకు మరీ సుఖంగా ఉంది."

నేను ఆయన మొహం వైపు చూడటం లేదు. పాదాల వైపు చూస్తున్నాను. బోర్డు పై భాగమంతా నీళ్ల పైనే ఉంది. కాలివేళ్ల మధ్య తడి ఎండిపోయి ఉప్పు కట్టింది.

"వింటున్నావా?"

"ఆఁ. చూద్దాంలెండి" అన్నాను. తువ్వాలు ఇచ్చాను.

ఆయన దుకాణానికి వెళ్లగానే బోర్డుని షెడ్డులోకి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాను. తప్పు నాదే అయి ఉండాలి. మందం ఎక్కడో ఎక్కువ ఉంచేసి ఉంటాను. ముక్కు దగ్గర, నడుము దగ్గర, తోక దగ్గర కొలిచాను. అచ్చు తీసి మీద పెట్టి అంచులు చూశాను. ఇన్నేళ్ల పనిలో నా కొలత తప్పు కావాలని దేవుణ్ణి వేడుకోవడం అదే మొదలు. మళ్లీ కొలిచాను. బోర్డు నేను చెక్కినట్టే ఉంది.

అత్తయ్య టీ తీసుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చారు. ఇంకో చేతిలో ఖాళీ సీసా ఉంది. "చిన్నోడు దీన్ని కూడా ఖాళీ చేసి వెళ్లాడు. సముద్రం వాడి ఒంట్లో నీళ్లన్నీ లాగేసుకుంటోంది కాబోలు" అన్నారు.

నేను ఆ సీసా వైపు చూశాను. కుట్టి బిగించిన సూటు గోడకు వేలాడుతోంది. గబుక్కున బల్ల అంచు పట్టుకున్నాను.

"ఏమైంది? మళ్లీ ఏం చూసి జడుసుకున్నావు?" అన్నారు.

"ఏం లేదత్తయ్యా" అన్నాను. హాల్లో ఉన్న ఫోటో గుర్తొచ్చింది.

ఆయన ఇంటికొచ్చాక, ఒకసారి మిషన్ ఎక్కండి, కొత్త బోర్డుకి బరువు కావాలి అన్నాను.

"పాత లెక్క ఉందిగా" అన్నారు.

"ఒక్కసారండీ."

"ఆ మిషన్ తప్పు చూపిస్తోంది, నేను చూశాను" అని గబగబా లోపలికి వెళ్లిపోయారు. మిషన్‌కి ఏమీ కాలేదు. ఎప్పుడో నేను లేనప్పుడు ఎక్కి చూసుకున్నారని అర్థమైంది. ఆ రాత్రంతా నిద్రపోతున్న మనిషి వీపు మీద చెయ్యి వేసి పడుకున్నాను. వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. ఇన్నాళ్లూ ఇదే చెయ్యి, ఇదే వీపు. ఎలా తెలియలేదో నాకు.

తెల్లారాక, కొత్త బోర్డు కావాలంటే నిలకడ నీళ్లలో ఒక పరీక్ష చెయ్యాలని చెప్పి ఏటి మొగ దగ్గరికి తీసుకెళ్లాను. బోర్డులకు పూసే రెజిన్ అయిపోయిన డబ్బాలు రెండు కడిగి తెచ్చాను. ఆయన బోర్డెక్కి నిలబడ్డారు. నేను నడుము లోతు నీళ్లలో పక్కనే నిలబడి, ఒక డబ్బా నిండా నీళ్లు ముంచి అందించాను.

"కదలకుండా పట్టుకోండి."

"ఏంటే ఈ సర్కస్?"

"పట్టుకోండి."

బోర్డు కొద్దిగా దిగింది. కాలివేళ్ల మీదకు నీళ్లు వచ్చాయి. రెండో డబ్బా కూడా ముంచి ఇంకో చేతికి ఇచ్చాను. ఆయన భుజాలు వణుకుతున్నాయి. మోయలేక వణుకుతున్నారా, సంగతి తెలిసి వణుకుతున్నారా, నాకు తెలియలేదు.

"ఇప్పుడు నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయి?" అన్నాను.

కిందికి చూశారు. "కళ్లజోడు లేదుగా. కనబడట్లేదు."

"కనబడకపోతే మానె. తెలియట్లేదా?"

"చీలమండకి తగులుతున్నాయి" అన్నారు. "చల్లగా."

"మొదటి రోజు కూడా అక్కడే తగిలాయి. అప్పుడు మీ చేతుల్లో ఏమీ లేవు." నా పళ్లు కొట్టుకుంటున్నాయి, నీళ్లు అంత చల్లగా లేకపోయినా. "ఈ రెండు డబ్బాలంత మనిషి ఏమయ్యాడండీ?"

ఆయన ఒక్కో డబ్బా నెమ్మదిగా వంచి నీళ్లు పారబోశారు. బోర్డు మళ్లీ పైకి లేచింది. దాని మీదే కూలబడ్డారు.

"నాకు తెలుసు" అన్నారు. "సూటు వదులైనప్పుడే అనుమానం వచ్చింది. రబ్బరు సాగిందని నువ్వన్నావు. అదే నిజమైతే బాగుండుననుకున్నాను. అన్నయ్య కూడా ఇలాగే... మొదట బట్టలు వదులయ్యాయి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిజమైపోతుందని." తెడ్డుని ఒళ్లో పెట్టుకుని తడుముతున్నారు. "అందరూ శెభాష్ అంటుంటే, రోగం కాదేమో, నిజంగానే నేర్చేసుకున్నానేమో అనిపించేది. నన్ను ఎప్పుడైనా ఎవరైనా దేనికైనా శెభాష్ అన్నారా చెప్పు."

ఆయన తల నా భుజానికి ఆనించుకుని, బోర్డుని అలాగే పట్టుకుని చాలాసేపు నీళ్లలో నిలబడ్డాను. నాకు అంతటి భయం ముందెప్పుడూ వెయ్యలేదు. పెద్ద అల కింద తల కనబడనప్పుడైనా ఎక్కడ వెతకాలో తెలుసు.

ఆసుపత్రిలో అత్తయ్య కూడా మాతో వచ్చి కూర్చున్నారు. వద్దంటే వినలేదు. రక్తం తీసుకున్నారు, వేచి ఉండమన్నారు. ఎదురు గోడ మీద గడియారం వైపు చూడకూడదని ముగ్గురం నేల పలకల వైపు చూస్తూ కూర్చున్నాం. బావగారి పేరు ముగ్గురి నోళ్లలోనూ ఉంది, ఎవరమూ బయటికి తియ్యలేదు.

డాక్టరమ్మ కాగితం చూసి, ఆయన మొహం చూసి, కుర్చీ దగ్గరకు లాక్కుంది. "దాహం ఎక్కువగా ఉందా?"

"సముద్రంలో ఉంటాను కదండీ, ఉప్పు..." అన్నారు ఆయన.

"చూపు మసకబారిందా?"

"నంబరు మార్చుకున్నాను. రెండుసార్లు."

"బరువు తగ్గారా?"

ఆయన నా వైపు చూశారు. "రబ్బరు సాగిందనుకున్నామండీ" అన్నాను. డాక్టరమ్మకు అర్థం కాలేదు.

షుగర్ అని చెప్పింది. మామూలుగా వచ్చేది కాదని, ఒంట్లో ఇన్సులిన్ దాదాపు ఆగిపోయిందని, ఒళ్లు తనని తానే కరిగించుకు తింటోందని చెప్పింది. ఇక రోజూ సూదులు తప్పవంది. "ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే స్పృహ తప్పేవారు. అది నీళ్లలో అయితే ఎవరూ ఏమీ చెయ్యలేకపోయేవారు" అంది. ఆ పూటే ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

మందుందని విన్నాక గోడకు ఆనుకున్నాను. అప్పుడు చూశాను అత్తయ్యను. ఆవిడ చేతిలో ఇంటి నుంచి తెచ్చిన సీసా ఉంది. దాని మూత తిప్పుతూ, బిగిస్తూ, తిప్పుతూ ఉన్నారు.

"పెద్దోడు కూడా ఇలాగే తాగేవాడు" అన్నారు. "కుండ నింపి పెట్టేదాన్ని. వేసవి పోయి వానలు పడుతున్నా తాగేవాడు. నేనే నింపి పెట్టేదాన్ని."

నేను పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో భయపడే మనుషులు ఇద్దరయ్యారు.

ఆయన ఇంటికొచ్చాక ఇంకా అలల కాలం కొద్దిగా మిగిలే ఉంది. అలల దగ్గరికి వెళ్లొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఏటి మొగ దగ్గర, ఒడ్డున మనిషి ఉంటే, నిలకడ నీళ్లలో కాసేపు నిలబడొచ్చంది. ఏడున్నర అడుగుల బోర్డు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. మిషన్ ఎక్కమని నేనూ అనలేదు. బోర్డే చెబుతుందిలే అనుకున్నాను.

ఇన్నేళ్లలో ఒక్కసారైనా సముద్రం వైపు తొంగిచూడని అత్తయ్య, ఆయన వెళ్లే ప్రతిసారీ నాతో వచ్చి ఒడ్డున బల్లమీద కూర్చునేవారు. సూదిమందుకి ఆయన ఒంట్లో షుగర్ మరీ పడిపోతే పెట్టడానికని కొంగున పంచదార పొట్లం ముడేసుకునేవారు. ఆవిడకు అంత దూరం కనబడదు.

"పాదాలు మునిగాయా అమ్మాయ్?" అని అడిగేవారు.

"ఇంకా లేదత్తయ్యా."

ఇంకో వారం వేళ్లు తడిశాయి. "వేళ్లు మునిగాయి" అన్నాను. ఆవిడ తల ఊపారు. ఒక్కోసారి గాలికి నీళ్లు లేచి పాదాల మీద పడితే అవి మునిగాయని సంబరపడి, తర్వాత కాదని తెలిసి, నోరు మూసుకునేదాన్ని. మళ్లీ ఒక వారం ఏమీ మారలేదు. ఆ వారమంతా నాకు ముద్ద దిగలేదు.

అలలు తగ్గిపోయి, కొంగ మాస్టారు తన బోర్డులు లోపల సర్దుకుంటున్న రోజు. ఆయన బోర్డెక్కి నిలబడ్డారు. చేతులు రెండూ ఖాళీగా ఉండాలని తెడ్డుని కూడా నా వైపు విసిరేశారు. బోర్డు ఒకసారి అటూ ఇటూ ఊగి కిందికి దిగింది. నీళ్లు వేళ్లు దాటాయి, పాదం దాటాయి. తూకం ఆపుకోలేక ఆయన మోకాళ్లు ఊగడం మొదలైంది. ఎడమ చీలమండ కనబడలేదు, తర్వాత కుడిది.

"మునిగాయా?" అన్నారు అత్తయ్య.

"మునిగాయి" అన్నాను.

ఆయన గాల్లో చేతులు తిప్పారు. మొదటి రోజు తిట్టిన తిట్లే మళ్లీ తిట్టారు. వెల్లకిలా నీళ్లలో పడ్డారు. నీళ్లు మూసుకున్నాయి. ఖాళీ బోర్డు గిర్రున తిరిగింది. తల కనబడలేదు. నేను చెప్పులతోనే నీళ్లలోకి అడుగు పెట్టాను, వెనక అత్తయ్య బల్లమీంచి లేచిన చప్పుడు వినపడింది. ఆవిడ వచ్చి నా జబ్బ పట్టుకున్నారు. ఇద్దరం ఆ నీళ్ల వైపే చూస్తున్నాం.

నోట్లోంచి నీళ్లు ఉమ్ముతూ తల పైకి లేచింది.

"తేలాడు" అన్నారు అత్తయ్య, నా జబ్బ వదలకుండానే. "ఊపిరి పీల్చుకో."